మూడు నిమిషాల క్యూ

టికెట్టు రెండొందల యాభై.
అప్రెంటీసుగా నా మొదటి స్టైపెండు నూట ముప్పై.
ఈ లెక్క చెప్తే ప్రణతి నవ్వింది,
"ఆంటీ, ఇంకా లోపలికే పోలేదు."

ప్రణతి మా పై వాటాలో అద్దెకుంటుంది,
మారతహళ్ళిలో ఏదో ఆఫీసు.
ఆదివారం, ముసురు, బెంగుళూరులో ఇంకేం చెయ్యాలో తోచక
నన్ను ఇక్కడికి తోలుకొచ్చింది.
పాత ఫ్యాక్టరీ క్యాంటీనుకి సున్నం గీకి
ఇటుకలు బయటపెట్టి
'సోషలిజం రోజుల్లో మామూలు బతుకు' అని రాసినారు.
మామూలు బతుక్కి బోర్డుంటుందని నాకు తెలీదు.

ప్రతి బల్ల మీదా ఒకే మాట:
ముట్టి నోడి.
ముట్టుకున్నా.
రేషను కార్డులో ఆరు పేర్లు, ఎవరివో.
ఆరోది కొట్టేసుంది.
పిల్ల ఫోటో తీసుకుంటుంటే నేను ఆ గీతనే చూస్తా నిలబడినా,
ఇన్స్పెక్టరు పెన్ను
ఒకచోట కాగితాన్ని చింపింది.

తర్వాతి గదిలో 'క్యూ అనుభవం.'
నేల మీద పసుపు రంగు పాదాలు.
వాటి మీద మూడు నిమిషాలు నిలబడాల.
గోడలోంచి జనం గొణుగుడు,
కిరసనాయిలు వాసన కూడా ఏదో మిషను వదుల్తోంది.
చివర్న కిటికీ తెరుచుకుని
"స్టాకు లేదు, రేపు రండి" అంటుంది బొమ్మ.
పిల్లోళ్ళు విరగబడి నవ్వుతున్నారు.
ఒకడు వాళ్ళమ్మ చెయ్యి లాగుతున్నాడు, ఇంకోసారి, ఇంకోసారి.

నేను చేతిసంచి ఆ పాదాల మీద పెట్టి
పోయి బెంచీ మీద కూచున్నా.
యూనిఫారం పిల్లోడు ఉరికొచ్చినాడు,
"మేడమ్, బ్యాగు మర్చిపోయినారు."
మర్చిపోలేదు నాయనా,
మేం అట్లే నిలబడేది.
సంచి, తెగిన చెప్పు, పేరు గీసిన ఇటుక ముక్క.
మనిషి ఫస్టు షిఫ్టులో ఉంటే
ఇటుక ముక్క డిపో ముందర ఉండేది.
దాన్ని జరిపేది వెనకామె.
వెనకామె సంచిని జరిపేది ఆమె వెనకామె.
ఒకోసారి జరిపేది కాదు, జుట్లు పట్టుకున్నాం కూడా.
మూడు నిమిషాల్లో అదంతా యాడ పడుతుంది.
పిల్లోడు వాకీటాకీలో ఎవర్నో అడుగుతున్నాడు.

ఆఖరి గదిలో నల్ల టెలిఫోను.
చూడగానే చెయ్యి దానంతటదే పోయి
బోర్లా తిప్పింది.
అడుగున రేకు మీద సన్న అంకెలు:
డెబ్బై ఎనిమిది, రెండో షిఫ్టు, బి లైను.

బి లైనులో పద్నాలుగు మందిమి.
డయలు స్ప్రింగు నాది.
గవర్నరు ఫిలోమినాది.
గంట సరిచూసేది జైబున్నీసా,
రోజుకి నాలుగొందల ఫోన్లు మోగించేది
ఒక్కదాంట్లోనూ హలో అనకుండా.

మా ఇంటికి ఫోను కావాలని డెబ్బై తొమ్మిదిలో రాసిచ్చినా.
ఎనభై ఎనిమిదిలో వచ్చింది.
ఎవరితో మాట్లాడ్డానికి అనే గడి
ఆ ఫారంలో లేదు,
ఉండుంటే ఒక పేరు రాసేదాన్ని.
ఫోనొచ్చిన దినం మా ఇంట్లో దానికి మల్లెల దండ వేసినారు.
నేను టైము చెప్పే నంబరు తిప్పి
టైము విని
పెట్టేసినా.

"తిప్పండాంటీ, మాట్లాడుతుంది."
తిప్పినా.
వేలు వదిలితే డయలు వెనక్కి రావాల,
తొందరపడకుండా, నిద్రపోకుండా, ఒకే తీరున.
రాలేదు.
వదులు బొంగరం మాదిరి అట్లే నిలబడిపోయింది.
లోపల స్ప్రింగు తీసేసినారు.
చెవిలో ఎవరో ఆడమనిషి, ఇంగ్లీషులో,
ఆ కాలంలో ఎదురుచూపు ఎంత పొడుగో చెప్తోంది.
నడమ ఒక మాట అనబోయినా.
అది వినే ఫోను కాదు.

బయటికొచ్చే తావున పెద్ద పుస్తకం,
'మీ అభిప్రాయం రాయండి.'
అద్భుతం, చాలా బాగుంది, అమ్మమ్మ గుర్తొచ్చింది,
ఒకరు గుండె బొమ్మ వేసినారు.
కళ్ళజోడు తుడుచుకుని రాసినా:
డయలు రిటర్ను లేదు. రిజెక్టు. 2216.

ప్రణతి నా భుజం మీంచి చదివింది.
"ఆంటీ, పేరు రాయలేదు మీరు."

రాసినా కదా.